రాగి పైరులో దిగుబడి గుర్తులు: విత్తనము నెన్నుకొనుట యెట్లు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పునర్వసు, పుష్యమి కార్తెలు వచ్చినంతనే రాగి విత్తుట తరతరములుగా వచ్చుచున్న వాడుక. ఇంటి విత్తనమునే వాడుకొను రైతు కోతలనాడు చేని గట్టు వెంబడి నడచుచు, కంటికి నదరుగా కనిపించిన పెద్ద కంకులను విరిచి, మూటగట్టి, దూలమునకు వ్రేలాడదీయును. మరుసటి యేటికి అదియే విత్తనము. ఆ విత్తనముతో పండిన చేనిలో కంకులన్నియు అంతటివి కావలెను గదా! కాని పెక్కుసార్లు అట్లు జరుగదు. రైతు నేలను నిందించును, లేదా వానను నిందించును. చాల సందర్భములలో పొరపాటు విత్తనము నెన్నుకొనుటలోనే యున్నది.

ఏ గుణమును చూచి విత్తనము నేరుకొనవలెను? మొక్క ఎత్తునా, పిలకలనా, కంకి పరిమాణమునా, గింజ లావునా? ఏది నిజముగా దిగుబడిని పెంచును, ఏది కంటిని మోసగించును? వ్యవసాయ శాస్త్రజ్ఞులు రమారమి నూరేండ్లుగా ఈ ప్రశ్నలపై పరిశోధనలు జరుపుచున్నారు. వారు తెలిసికొన్న విషయములను గ్రామ పంచాయతీ సభ్యులకు తెలియజేయవలెనని మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన మెట్టలకు రాగి యేల?

ఈ మూడు ప్రాంతములును సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున ఉన్న ఎర్రనేలలు. ఇచట జీవనది లేదు. చెరువులు, బావులు, లోతైన గొట్టపు బావులు, వీటన్నిటికిని మూలమైన వాన, ఇవియే ఆధారములు. మదనపల్లె టమాటా సంత దేశమంతట పేరుగాంచినది. ధర పలికిననాడు టమాటా వలన చేతినిండ డబ్బు వచ్చును. ధర పడినపుడు కోతకూలి సైతము గిట్టుబాటు కాదు. రాగి అంతటి లాభమును చూపదు, అంతటి నష్టమును తేదు. బాగుగా ఎండబెట్టిన రాగులు పురుగుపట్టక యేండ్ల తరబడి నిలువ యుండును. అందువలననే పూర్వులు వీనిని పాతరలలో దాచి, కరవు కాలమునకు ఉంచుకొనెడివారు.

ఆహారముగా చూచినను రాగి అల్పమైనది కాదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మొదలు 360 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు కలదు. బియ్యములో దీనిలో ఇరువదవ వంతైనను లేదు. ఎముకలు పెరుగు పిల్లలకును, బాలింతలకును సంగటి, అంబలి యేల మంచివో దీనివలన తెలియును. భారత ప్రభుత్వము 2018వ సంవత్సరమును, ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరములుగా ప్రకటించినవి. మన ముద్దకు ప్రపంచమున మర్యాద పెరుగుచున్న ఈ కాలములో మన చేలలో రాగి విస్తీర్ణము తగ్గిపోవుట విచారకరము. ఎకరమునకు వచ్చు దిగుబడి పెరిగిననే రైతు మరల రాగి వైపు చూచును. దానికి మొదటి మెట్టు విత్తనము.

దిగుబడి లెక్క

దిగుబడి అనునది ఒక్క గుణము కాదు. అది కొన్ని సంఖ్యల గుణకారము. చదరపు మీటరులో ఎన్ని మొక్కలున్నవి, మొక్కకు ఎన్ని కంకులున్నవి, కంకికి ఎంత గింజ యున్నది: ఈ మూడింటిని హెచ్చవేసినచో దిగుబడి వచ్చును.

ఉదాహరణమునకు ఒక లెక్క వేయుదము. వరుసకు వరుసకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు ఎడముంచి నారు నాటినచో చదరపు మీటరునకు 33 మొక్కలు వచ్చును. మొక్కకు రెండు కంకులు, కంకికి 4 గ్రాముల గింజ యున్నదనుకొందము. అప్పుడు చదరపు మీటరునకు 264 గ్రాములు, ఎకరమునకు రమారమి 1,068 కిలోలు, అనగా పది క్వింటాళ్లకు పైచిలుకు. కంకికి ఒక్క గ్రాము పెరిగి 5 గ్రాములైనచో ఎకరమునకు 1,335 కిలోలగును. ఒక్క గ్రాము భేదము ఎకరమునకు రెండున్నర క్వింటాళ్ల పైబడిన మార్పు తెచ్చుచున్నది.

మరియొక విధముగా చూతము. మొక్కకు మూడు కంకులు వచ్చినవి, కాని ఒక్కొక్క కంకి 2½ గ్రాములకు తగ్గినది. అప్పుడు చదరపు మీటరునకు 248 గ్రాములకు మించదు. పిలకలు పెరిగినను దిగుబడి తగ్గినది! ఒక గుణము పెరిగినపుడు మరియొకటి తగ్గి, లాభమును మ్రింగివేయుట పైరులలో సర్వసాధారణము. కనుక ఒక్క గుణమునే పట్టుకొని విత్తనమును ఎన్నుకొనరాదు.

గుర్తు లొక్కొక్కటి

1. పిలకలు: రాగి మొక్క అడుగున పిలకలు తొడుగును. వీనిలో గింజ కట్టు కంకిని ఇచ్చు పిలకలనే లెక్కింపవలెను. ఆలస్యముగా వచ్చిన పిలకలు పాలు పోసికొను వేళకు తేమ చాలక, తాలు కంకులతో నిలిచిపోవును. లేదా కోతనాటికి పచ్చిగానే యుండి, కళ్ళములో చిక్కు తెచ్చును. పిలకలన్నియు ఇంచుమించు ఒకే కాలమున వెన్ను తీయు మొక్క మంచిది.

2. కంకి, దాని వేళ్లు: రాగి కంకి మన చేతివంటిది. దానికి వేళ్లవంటి కొమ్మలు నాలుగు మొదలు పది వరకు నుండును. ప్రతి వేలి మీద రెండు వరుసలుగా చిన్న గుత్తులు, ఒక్కొక్క గుత్తిలో కొన్ని గింజలు అమరియుండును. వేళ్ల సంఖ్య, వేలి పొడవు, గింజల కూర్పులోని వత్తు: ఈ మూడును కలిసి కంకి తూకమును నిర్ణయించును. అనేక పరిశోధనలలో మొక్క దిగుబడితో దగ్గర సంబంధము కలవిగా కనబడినవి గింజకట్టు పిలకలు, కంకి తూకము, వేళ్ల సంఖ్య, వేలి పొడవు. అయితే పొడవైన వేళ్లపై గింజ పలుచగా నున్నచో ఆ పొడవు వ్యర్థము. వేలిని చేతితో నొక్కి చూచి వత్తును గ్రహింపవలెను.

3. కంకి ఆకారము: కొన్ని రకములలో వేళ్లు లోపలికి ముడుచుకొని, పిడికిలివలె నుండును. మరికొన్నిటిలో విచ్చుకొని యుండును. పిడికిలి కంకి సాధారణముగా బరువైనది. కాని పండు సమయమున ముసురు పట్టినచో దానిలో నీరు నిలిచి, బూజు పట్టుటకును, గింజ మొలకెత్తుటకును అవకాశము కలదు. విచ్చుకొన్న కంకి త్వరగా ఆరును. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాలలో కురిసిన కుండపోత వానలను ఎవరును మరచియుండరు. కోతకాలమున ఈశాన్య ఋతుపవనము తగులు మన ప్రాంతములో ఈ భేదమును తలచుకొనుట అవసరము.

4. గింజ: వేయి రాగి గింజల తూకము సుమారు రెండున్నర మొదలు మూడు గ్రాములు. గింజ లావైనచో పిండి ఎక్కువ, మొలక బలమైనది. కాని లావు గింజ రకములలో గింజల సంఖ్య కొన్నిసార్లు తక్కువగా నుండును. తాలు లేకుండ నిండుగా నున్న గింజ ముఖ్యము.

5. ఎత్తు, గడ్డి: ఎత్తైన మొక్కకు ఆకులెక్కువ, ఆకులెక్కువైనచో గింజకు ఆహారమెక్కువ. కొంత మేరకు ఇది నిజము. ఆ మేర దాటినచో గాలివానకు పైరు పడిపోవును. కాని గింజ ఒక్కటే చూచి గడ్డిని మరువరాదు. పుంగనూరు పేరు మోసిన పొట్టి ఆవులను కన్న సీమ ఇది. పాడి మీద బ్రతుకు సంసారములకు రాగి గడ్డి వేసవిలో ప్రాణాధారము. గింజ పెంచి, గడ్డిని బొత్తిగా తగ్గించు రకమును శాస్త్రజ్ఞుడు మెచ్చినను ఇల్లాలు మెచ్చదు.

6. కాలము: నాలుగు నెలలకు పండు రకము మూడు నెలలకు పండు రకము కంటె సాధారణముగా ఎక్కువ దిగుబడి నిచ్చును. కాని ఆ చివరి నెలలో వాన నిలిచిపోయినచో ఆధిక్యమంతయు పోవును. వాన ఆలస్యమై ఆగస్టులో విత్తవలసివచ్చినపుడు స్వల్పకాలిక రకమే శరణ్యము. గ్రామమున రెండు విధముల విత్తనమును నిలువ యుంచుకొనుట వివేకము.

7. అగ్గి తెగులునకు తట్టుకొను శక్తి: ఈ తెగులు మొదట నారు ఆకులపై నూలు కదురు ఆకారపు మచ్చలుగా కనబడును. తరువాత కంకి మెడను నల్లబరచి, వేళ్లను పట్టి, గింజను తాలు చేయును. పైన చెప్పిన గుణములన్నియు ఉన్నను, మెడ నల్లబడినచో ఫలితము సున్న.

కలిసి నడచుట, కారణమగుట

ఇచట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. రెండు గుణములు కలిసి పెరుగుట వేరు. ఒకటి మరియొకదానికి కారణమగుట వేరు. ఒక చేనిలో ఎత్తైన మొక్కలకు కంకులు పెద్దవిగా నున్నవనుకొందము. ఎత్తే కంకిని పెంచినదని తలపవచ్చునా? ఆ భాగమున ఎరువు దిబ్బ ఉండెనేమో! ఎరువు వలన ఎత్తును పెరిగినది, కంకియు పెరిగినది. అట్టి చోట ఎత్తును చూచి విత్తనము తీసినచో లాభమేమియు ఉండదు.

అమెరికా శాస్త్రజ్ఞుడు సీవాల్ రైట్ 1921లో ఈ చిక్కును విడదీయుటకు ఒక గణిత పద్ధతిని ప్రకటించెను. ఏ గుణము నేరుగా దిగుబడిని పెంచుచున్నది, ఏది మరియొక గుణము ద్వారా చుట్టుదారిన పెంచుచున్నది అని ఆ పద్ధతిలో విడివిడిగా లెక్కకట్టుదురు. మన విశ్వవిద్యాలయములలో వరి, రాగి, పసుపు మొదలగు పంటలన్నింటికిని దీనిని ఉపయోగించుచున్నారు.

రక్తగుణము, నేలగుణము

గట్టు వారనున్న కంకి పెద్దదగుటకు కారణ మిప్పుడు సులభముగా తెలియును. ఆ మొక్కకు ఒక ప్రక్క పోటీ లేదు. వెలుతురు, తేమ, ఎరువు దానికి అధికముగా లభించినవి. అది నేల యిచ్చిన గుణము. గింజ వెంట రాదు. గింజ వెంట వచ్చునది వంశమునుండి వచ్చిన గుణము మాత్రమే.

అన్ని గుణములును ఒకే విధముగా వంశమును అనుసరింపవు. పూతకు వచ్చు కాలము, వేలి పొడవు, మొక్క ఎత్తు చాలవరకు వంశముననుసరించి వచ్చును. పిలకల సంఖ్య, మొక్క దిగుబడి నేలను, ఎడమును, నీటిని బట్టి ఎక్కువగా మారును. కనుక ఒంటరి మొక్క పిలకలను చూచి మురియుట కంటె, ఒక రకపు చేనంతయు ఎట్లున్నదో చూచుట మేలు.

మనకు పొరుగున కడప జిల్లాలో పండు పసుపుతో పోల్చి చూడుడు. పసుపును గింజతో గాక దుంపతో, కొమ్ముతో నాటుదురు. మొక్క ఎత్తు, ఆకులు, తల్లిదుంప తూకము, కొమ్ముల సంఖ్య, తూకము అచట దిగుబడి గుర్తులు. వంశములో మంచిదైన ఒక మొక్క దొరికినచో దాని దుంపలన్నియు అదే గుణముతో వచ్చును. కాని పసుపులో విత్తనము కట్టుట అరుదు. కొత్త గుణములను కలుపుట మిక్కిలి కష్టము. రాగి గింజతో పుట్టునదైనను, దాని పువ్వు తనలో తానే ఫలదీకరణము చెందును. పరపరాగము నూటికి ఒకటి కూడ అరుదు. కనుక మంచి వంశపు కంకి నొకదానిని వేరుచేసి పెంచినచో దాని సంతతి చాలవరకు తల్లివలెనే యుండును. ఈ స్వభావమే విత్తన గ్రామమునకు అనుకూలమైనది.

శాస్త్రజ్ఞులు నడచిన బాట

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినపుడు మద్రాసు రాజధానిలో భాగము. ఆ రాజధానిలో చిరుధాన్యముల పరిశోధనకు కోయంబత్తూరు కేంద్రము. అచట జి. ఎన్. రంగస్వామి అయ్యంగారు రాగి వంశగుణములను దీర్ఘకాలము పరిశీలించిరి. రాగి పువ్వు ఆవగింజవంటిది. దానిలోని కేసరములను సూదితో తీసి సంకరము చేయుట అతికష్టము. ఆ కష్టమును తప్పించుకొనుటకు ఒక చక్కని ఉపాయము వాడుకలోనికి వచ్చినది. పచ్చని కాడ గల మొక్క కంకిని, ఊదారంగు గల మొక్క కంకిని పూత విచ్చకమునుపే చేర్చి కట్టుదురు. పచ్చమొక్క గింజలను మరుసటి యేడు చల్లుదురు. ఊదారంగు బలమైన గుణము గనుక, నారుమడిలో ఊదాగా కనబడిన మొక్క సంకరమని తెలిసిపోవును. అట్టి మొక్కలను వేరుచేసి పెంచుదురు.

రాగి జన్మభూమి తూర్పు ఆఫ్రికా మెట్టలు. ఆఫ్రికా రకములకు లావైన కాడ, బరువైన కంకి, తెగులును తట్టుకొను శక్తి కలవు. కాని అవి ఆలస్యముగా పండును. మన రకములు త్వరగా పండును. కాని కంకులు చిన్నవి. కర్ణాటకలోని మండ్యలో సి. హెచ్. లక్ష్మణయ్యగారు ఈ రెండింటిని కలిపి, 1970వ దశకములో ‘ఇండాఫ్’ రకములను వెలువరించిరి. ఇండియా, ఆఫ్రికా అను రెండు పేర్లును ఆ పేరులో కలిసియున్నవి. వీనివలన కర్ణాటకలో రాగి దిగుబడి ఎంతయో పెరిగినది. తరువాత 1990వ దశకములో బెంగుళూరు నుండి అగ్గి తెగులును బాగుగా తట్టుకొను జి.పి.యు.-28 వచ్చినది. దాని వంశములోను ఇండాఫ్ రక్తము కలదు.

మన రాష్ట్రములో విజయనగరము పరిశోధనా స్థానము నుండి భారతి, శ్రీచైతన్య మొదలగు రకములును, తిరుపతి చెంతగల పెరుమాళ్ళపల్లె స్థానము నుండి వకుళ రకమును వెలువడినవి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ విత్తన నిధిలో ఆరువేలకు మించిన రాగి నమూనాలను భద్రపరచియున్నారు. శాస్త్రజ్ఞులు కొత్త రకమును నిర్మించునపుడు పాత విత్తనములే ముడిసరకు. గ్రామములో ఒక పాత రకము అంతరించినచో అందులోని గుణమును మరల సృష్టింపలేము.

పంచాయతీ చేయదగిన పని

ఏ రకము విజయనగరములో గెలిచినదో అది కుప్పములో గెలువవలెనని నియమము లేదు. కనుక ప్రతి గ్రామమును తన నేలలో తాను పరీక్షించుకొనవలెను. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఈ క్రింది విధముగా చేయవచ్చును.

మొదట, గ్రామములోని పాత రకములను రెండింటిని, రైతు సేవా కేంద్రము ద్వారా తెప్పించిన ధ్రువీకృత రకములను రెండింటిని తీసికొనుడు. గ్రామసభలో చర్చించి, ఒకే తీరు నేల గల పొలమును ఎంచుడు. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క సెంటు చొప్పున మడులు కట్టి, అట్టివి పొలములో మూడు చోట్ల వేయుడు. ఒక్కచోటనే వేసినచో నేలగుణము రకపు గుణమువలె కనబడి మోసగించును. విత్తుట, ఎరువు, కలుపుతీత అన్నింటికిని సమముగా నుండవలెను.

రెండవది, వెదురుబద్దలతో చదరపు మీటరు చట్రమొకటి కట్టించుడు. కోతకు ముందు ప్రతి మడిలోను గట్టుకు దూరముగా, మధ్య భాగమున చట్రమును పరచి, కంకులను లెక్కించుడు. వానిలో పది కంకులను కోసి, వేళ్లను లెక్కించి, వేలి పొడవును కొలిచి, నూర్చి తూచి వ్రాసికొనుడు. వెన్ను తీసిన తేదీ, మెడ నల్లబడిన కంకులు, పడిపోయిన మొక్కలు, గడ్డి తూకము కూడ అదే పుస్తకములో ఎక్కింపవలెను.

మూడవది, గెలిచిన రకము మడుల మధ్యనుండి, తెగులు సోకని, ఒకే ఎత్తున ఒకే కాలమున పండిన మొక్కల కంకులను ఏరుడు. మరుసటి యేడు ఒక్కొక్క కంకి గింజను ఒక్కొక్క వరుసగా విత్తుడు. ఏ వరుస అంతయు సమముగా, నిండుగా నున్నదో ఆ వరుస తల్లి వంశము మంచిది. చెదరిన వరుసను విడిచిపెట్టుడు. ఈ పనికి రెండు మూడు సంవత్సరముల ఓర్పు కావలెను.

నాలుగవది, సంగటి చేసి చూచుట మరువకుడు. ముద్ద రుచిని, పిండి జిగురును స్త్రీలు నిర్ణయింపవలెను. చేనిలో గెలిచి, పొయ్యి మీద ఓడిన రకము గ్రామములో నిలువదు.

రైతుకు చట్టము కూడ అండగా నున్నది. వృక్ష రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము, 2001 ప్రకారము రైతు తన పొలములో పండిన విత్తనమును దాచుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. రక్షణ పొందిన రకమును వ్యాపార ముద్ర వేసి అమ్ముట మాత్రము కూడదు. రైతులు తాము కాపాడిన పాత రకమును తమ పేర నమోదు చేయించుకొనుటకును ఈ చట్టములో వీలు కలదు. పాత రాగి విత్తనము ఏ ముసలమ్మ ఉట్టి మీదనో ఇంకను మిగిలియున్నచో, ముందుగా దానిని కనుగొని, పిడికెడైనను మడిలో వేయించుట పంచాయతీ సభ్యుల కర్తవ్యము.

పెద్ద కంకి కనబడినచో సంతోషింపవలసినదే. కాని దానిని మూటగట్టుటకు ముందు అది గట్టున నిలిచినదా, చేని నడుమ నిలిచినదా, దాని ప్రక్క మొక్కలు ఎట్లున్నవి, దాని పిలకలన్నియు పండినవా అని చూడవలెను. ఈ చిన్న పరిశీలనను గ్రామమున అలవాటు చేసినచో, అదే వానతో, అదే నేలలో, ఎకరమునకు ఒకటి రెండు క్వింటాళ్లు అధికముగా కళ్ళము చేరుటకు వీలు కలదు. ఈ పుష్యమి కార్తెకు మీ గ్రామములో ఒక పరీక్ష మడి వేయింపుడని మా మనవి.